ఎర్ర గిటార్, బాపు నిద్ర

"ఆగాగు. మళ్ల ఒకసారి కొట్టు," అన్నారు లింగమూర్తి సార్.

కమ్యూనిటీ హాల్లో ఉన్న పిల్లలందరూ తలలు తిప్పి అనసూర్య వైపు చూశారు. అనసూర్యకు చెవులు వేడెక్కాయి. ఆమె ఒళ్లో ఉన్నది తన గిటార్ కాదు. సార్‌ది. ఎలక్ట్రిక్ గిటార్. దాని నుంచి ఒక వైరు వెళ్లి మూలనున్న స్పీకర్ డబ్బాలో దూరింది.

అనసూర్య ఆరో తరగతి. శనివారం ఒంటిపూట బడి అయ్యాక అన్నం తిని హాలుకు వస్తుంది. గోదావరిఖనిలో ఆ కాలనీ అంతా బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాళ్లదే. లింగమూర్తి సార్ పగలంతా కంపెనీ ఆఫీసులో గుమస్తా. పాటలంటే మహా ఇష్టం. అందుకే శనివారం మధ్యాహ్నం కాలనీ పిల్లలకు గిటార్ నేర్పుతారు.

అనసూర్య గిటార్ బెల్లంపల్లి మేనమామ ఇచ్చినది. అంచుల దగ్గర రంగు పోయిన పాత గిటార్. దాని మీద మిగతావన్నీ ఎలాగో వచ్చాయి గానీ ఎఫ్ కార్డ్ మాత్రం రాలేదు. చూపుడు వేలిని అడ్డంగా పెట్టి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. ఆమె నొక్కితే తీగలు మోగవు, బుర్రుమంటాయి. తప్పు గిటార్‌దేనని, ఎలక్ట్రిక్ గిటార్ అయితే ఇట్టే వచ్చేస్తుందని ఆమె చాలా రోజులుగా అంటోంది. విని విని సార్ ఈరోజు తన గిటార్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

అనసూర్య మళ్లీ నొక్కింది. మళ్లీ అదే బుర్రు. ఇంతకుముందు ఆ చప్పుడు తనకు ఒక్కదానికే వినిపించేది. ఇప్పుడు స్పీకర్‌లోంచి హాలంతా వినిపించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

సార్ నవ్వలేదు.

"చూసినవా అమ్మా? దీని తీగలు జర మెత్తగుంటయి. వేళ్లకు సుఖమే, అబద్ధమెందుకు చెప్పాలె. గానీ వేలు సరిగ పడకపోతే ఇది గూడ గంతే. పెద్దగ ఇనబడ్తది."

"మరి నేను ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కోవాల్నా, వద్దా సార్?"

"గిప్పుడే ఎందుకు? నీ గిటార్‌కు కొత్త తీగలు నేనేస్త. ఎండకాలం దాక దాని మీదనే కొట్టు. వేళ్లు గట్టిపడనీ. అప్పుడు ఏది గావాల్నో నీకే తెలుస్తది."

అనసూర్య తల ఊపింది. తప్పు తన వేళ్లదేనని ఆమెకు బాగా అర్థమైంది. అయినా ఆ కోరిక పోలేదు. కొన్ని కోరికలు అంతే, కారణం పోయినా అవి మాత్రం పోవు.

అసలు సంగతి వేరే ఉంది. దసరా ముందు బట్టలకని అమ్మతో మంచిర్యాల పోయినప్పుడు, బజారులో ఒక దుకాణం అద్దం వెనక ఎర్ర గిటార్ చూసింది. నున్నగా, పల్చగా, మెరుస్తూ ఉంది. అమ్మ చెయ్యి పట్టి లాగేదాకా అక్కడినుంచి కదల్లేదు. జనవరి ఇరవై ఆరున బడిలో ఆ గిటార్ మెడలో వేసుకుని నిలబడినట్టు అప్పటినుంచీ ఒకటే ఊహ.

ఇంటికి పోతుంటే పక్కింటి హాజిరా అడిగింది, "సార్ వద్దన్నడు గదా. మరింక ఫికరేంది?"

"వద్దనలే. గిప్పుడొద్దన్నడు."

"నువ్వు ఉన్న గిటారే ఇంట్ల తీస్తలేవు. ఎప్పుడు చూసినా బట్టల పెట్టె మీదనే ఉంటది."

"వేళ్లు నొస్తయే," అంది అనసూర్య. అది నిజమే.

వీధి మొదట్లోకి రాగానే ఇద్దరూ గొంతులు తగ్గించారు. ఆ వారం అనసూర్య వాళ్ల బాపుకు నైట్ షిఫ్టు. రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి కదా. అందుకే ఆ కాలనీలో నైట్ షిఫ్టు మనిషి నిద్రంటే దేవుడి గదికి ఉన్నంత మర్యాద. ఆ ఇంటి ముందు పిల్లలు గిల్లీదండ ఆడరు. ఆడవాళ్లు రోట్లో ఏదీ దంచరు. కూరగాయలమ్మే కనకవ్వ సైతం నోరు మూసుకుని తట్టతో ముందుకు వెళ్లిపోతుంది. మనిషి పడుకున్నాడంటే చాలు, దానికి ఇక ఎవరూ ఎదురు చెప్పరు.

అనసూర్యకు ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ సాయంత్రం దాన్నే వాడుకుంది.

బాపు సదయ్య అప్పుడే లేచి ముఖం కడుక్కుని చాయ్ తాగుతున్నాడు. అమ్మ సారవ్వ పొయ్యి దగ్గర ఉంది.

"బాపూ, నేను గిటార్ కొడితే నీకు నిద్ర పట్టదు గదా," అంది అనసూర్య.

"నేనెన్నడన్న గట్ల అన్ననా బిడ్డా?"

"నువ్వనవు. గానీ నాకు తెల్వదా? గందుకే పగటిపూట దాన్ని తీస్తలేను. నేర్చుకునుడు ఎన్కవడ్డది. ఎలక్ట్రిక్ గిటార్ అయితే కరెంటు పెట్టకుంట కొట్టొచ్చు. సప్పుడే రాదు. నువ్వు మంచిగ పండుకోవచ్చు."

చెప్పినదాంట్లో సగం నిజమే. కరెంటు లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ పెద్దగా మోగదు. మిగతా సగం మాత్రం ఆ నిమిషంలో పుట్టింది.

సదయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కూతురి వైపు కాసేపు చూశాడు.

"ఇన్నవా సారవ్వా? నా నిద్ర మీద నా బిడ్డకు గంత ఫికర్ ఉన్నదట," అన్నాడు. ఆయన కళ్లు తడయ్యాయి. "కొందాం బిడ్డా. ఎట్లనన్న కొందాం."

"గంత పెట్టి ఎట్ల కొంటవు?" అంది సారవ్వ.

"ప్లేడేలు చేస్త."

ప్లేడే అంటే ఆటలాడే రోజు కాదు. ఆదివారం బాయికి సెలవు. ఆ సెలవు వదులుకుని దిగినవాళ్లకు రెట్టింపు జీతం వస్తుంది. ఆ ఆదివారం పనినే అక్కడ ప్లేడే అంటారు. పేరు పెట్టినవాడెవడో గానీ, కచ్చితంగా బాయిలో దిగినవాడు మాత్రం కాదు.

అంతకుముందు ఆదివారాలు సదయ్య తలంటు పోసుకునేవాడు. కడుపు నిండా తిని పొద్దు వాలేదాకా నిద్రపోయేవాడు. లేచాక అనసూర్యను సైకిలెక్కించుకుని గోదావరి ఒడ్డుకు తీసుకుపోయేవాడు. ఇప్పుడు అవన్నీ పోయాయి. ఆదివారం కూడా లేచి, బూట్లు తొడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బాయికి పోతున్నాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి కంచంలో ఉండగానే నిద్రపోయాడు. సారవ్వ ఆ చెయ్యి తుడిచి, మెల్లగా మంచం మీదికి నడిపించింది.

అనసూర్య అదంతా చూసింది. చూడలేదంటే అబద్ధమవుతుంది. చూసిన ప్రతిసారీ, ఇంకొన్ని ఆదివారాలే కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఆ మాట అనుకోగానే ఎర్ర గిటార్ కళ్ల ముందుకొచ్చేది, బాపు అలసట కాస్తా మరుగునపడేది.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. ఆ వారం సదయ్యకు మొదటి షిఫ్టు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చేటప్పుడు ఆయన వెంట పక్కింటి జలాలుద్దీన్ కూడా ఇంట్లోకి వచ్చాడు. హాజిరా వాళ్ల నాన్న. ఇద్దరిదీ బాయిలో ఒక్కచోటే పని. సదయ్య స్నానానికి వెళ్లగానే జలాలుద్దీన్ మంచం అంచున కూర్చున్నాడు. అనసూర్య గడపలో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"వదినే, చెప్పద్దనుకున్న. గానీ చెప్పకుంట ఉండలేను," అన్నాడు జలాలుద్దీన్.

సారవ్వ చేతిలో పని ఆపింది.

"ఇయ్యాల టిఫిన్ తిన్నంక అన్న కనవడలే. దేవులాడిన. ఎవ్వలు కూసోవద్దన్న తావున పోయి, గోడకు ఒరిగి నిద్రపోతుండు. ఆడ పైకప్పు పడకుంట ఇంక కట్టెలు ఆనియ్యలే. పిలిస్తే పలుకలే. ఉరికి పోయి రెక్క పట్టి గుంజుకొచ్చిన. గిటు రాంగనే ఎన్కనుంచి రాయి పడ్డది. పెద్దది గాదు వదినే. గానీ ఆయన కూసున్న జాగలనే పడ్డది."

సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాయిల ఎవ్వలు కనవడితే వాళ్లకు చెప్తుండు. నా బిడ్డకు నా నిద్ర మీద గంత ఫికర్, గందుకే సప్పుడు రాని గిటార్ అడిగిందని. మేమంత మురిసిపోయినం. గానీ గా నిద్రనే లేకుంట చేసుకుంటే ఎట్ల? నువ్వన్న జర చెప్పు."

అనసూర్య చేతిలోని బియ్యం చాటలోకి జారిపోయాయి.

అన్నాల దగ్గర సారవ్వ బతిమాలింది. సదయ్య వినలేదు.

"ఇంకొక్క ఆదివారం. గంతే. మళ్ల ప్లేడే పేరెత్తను. బిడ్డ నాకోసం అడిగింది, నా కోసం. మాటిచ్చి ఎన్కకు పోతే ఎట్ల?"

ఆయన్ను ఆపే మాట అనసూర్య ఒక్కదానికే తెలుసు, అయినా అది చెప్పలేదు.

మర్నాడు బడిలో నీళ్ల నల్లా దగ్గర హాజిరా ఎదురుపడింది.

"మీ బాపు నిద్ర కోసం గిటార్ అడిగినవా నువ్వు?" అంది.

అనసూర్య తన సీసా మూత బిగించసాగింది.

"వేళ్లు నొస్తయనే తీస్తలేనని నాతోని చెప్పినవ్ గదా." హాజిరా గొంతు చిన్నగా ఉంది. కోపంగా కూడా లేదు. "మీ బాపును గుంజుకొచ్చెటందుకు మా అబ్బా గూడ ఆడికే పోయిండు. గా రాయి జర ముందుగాల పడ్డదనుకో."

ఆ మాట అని, సీసా నింపుకుని వెళ్లిపోయింది. గంట కొట్టినా అనసూర్య నల్లా దగ్గరే నిలబడి ఉంది. బాపు గురించి భయపడింది గానీ, జలాల్ కాక గురించి అప్పటిదాకా ఆలోచించనే లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం బాపు దగ్గరికి పోయి నిలబడింది. అంతా చెప్పేద్దామనే పోయింది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"బాపూ, నాకు గిటార్ వద్దు."

సదయ్య నవ్వాడు. "జలాల్ వచ్చి చెప్పింది ఇన్నవా? గందుకని వద్దంటున్నవా?"

"గందుకు గాదు. నాకే వద్దు."

"నాకు తెల్వదా నీ సంగతి? నాకోసం మనసు సంపుకుంటున్నవ్." ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నీ అసొంటి బిడ్డ ఎవలకుంటది చెప్పు. ఆదివారం పోత, సోమవారం మంచిర్యాల పోయి గిటార్ తెస్త."

ఆయన ముఖం ఎంతో వెలిగిపోతోంది. అనసూర్యకు ఏడుపొచ్చింది. వద్దన్నా అది తన మంచితనం కిందికే పోయింది. ఒట్టి వద్దుతో బాపు ఆగడు. ఎందుకు వద్దో మొత్తం చెబితేనే ఆగుతాడు. చెబితే ఈ వెలుగు ఉండదు. బాయిలో అందరికీ గొప్పగా చెప్పుకున్న కూతురు ఇక ఆయనకు ఉండదు. ఆమె చెప్పకుండానే వెనక్కి తిరిగింది.

ఆదివారం పొద్దున మొదటి సైరన్ మోగింది. సదయ్య గడపలో కూర్చుని బూట్ల తాళ్లు కడుతున్నాడు. సారవ్వ టిఫిన్ డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. అనసూర్య పక్క మీదినుంచి లేచి వచ్చి, బాపుకు ఎదురుగా నిలబడింది.

"నేను నీకు అబద్ధం చెప్పిన బాపూ."

సదయ్య తాళ్లు కడుతూనే, "ఏం అబద్ధం?" అన్నాడు.

"గిటార్ నీ నిద్ర కోసం అడగలే."

ఆయన చేతులు ఆగాయి.

"మంచిర్యాలల ఎర్రది చూసిన. బాగుంది. గది గావాలనిపించింది. వేళ్లు నొస్తయని మన గిటార్ తీస్తలేను. నీ కోసం గాదు. ఎలక్ట్రిక్‌ది నాకు గిప్పుడొద్దని సార్ గూడ చెప్పిండు. నీ నిద్ర పేరు చెప్తే నువ్వు కాదనవని తెలిసే చెప్పిన."

అంతా చెప్పేదాకా ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ వేరే మాట వస్తుందని భయం.

సదయ్య తాళ్లు వదిలేసి తలెత్తాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది. ఆయన ముఖంలోని వెలుగు మాత్రం పోయింది, అనసూర్య చూస్తుండగానే పోయింది.

"గావాలె బాపూ అని అడుగుతే నేను కాదంటుంటినా?" అన్నాడు చివరికి. "పైసలుంటే కొందును. లేకుంటే లేదందును. నా నిద్ర మీద పెట్టి ఎందుకడిగినవ్ బిడ్డా? నేను నిజమనుకున్న."

అనసూర్య వెక్కి వెక్కి ఏడ్చింది. సారవ్వ కూతురి దగ్గరికి రాలేదు, మొగుడి దగ్గరికీ పోలేదు. గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

షిఫ్టు మొదలైందని రెండో సైరన్ మోగింది. సదయ్య లేవలేదు. కాసేపటికి వంగి బూట్ల తాళ్లు విప్పాడు. బూట్లు గోడ వారగా పెట్టి, లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఎప్పుడు నిద్ర పట్టిందో గానీ ఆయన పొద్దు నడినెత్తి దాటేదాకా లేవలేదు. అనసూర్య గడపలోనే కూర్చుంది. ఆడుకుందామని ఎవరో వచ్చి పిలిస్తే చేత్తోనే వద్దని పంపేసింది. ఆకలి వేస్తున్నా అమ్మను అన్నం అడగలేదు.

లోపల మంచం కిర్రుమంది.

"అనసూర్యా, ఇటు రా."

వెళ్లి మంచం పక్కన నిలబడింది. సదయ్య లేచి కూర్చున్నాడు. నిద్ర తీరిన ముఖం, కళ్లలో ఎరుపు తగ్గింది. ఇంకా నవ్వు మాత్రం రాలేదు.

"గిప్పుడు చెప్పు. గా ఎర్ర గిటార్ నీకు గావాల్నా?"

వద్దు అనడం చాలా తేలిక. బాపు సంతోషిస్తాడు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనసూర్య దాన్ని మింగేసింది.

"గావాలె బాపూ. శాన గావాలె," అంది. "గానీ నాకు ఇంక మంచిగ కొట్టరాదు. గిప్పుడు తెచ్చినా ఊరికె మెడలేసుకొని తిరుగుడే. మన గిటార్ మీద నేర్చుకున్నంక అడుగుత. అప్పుడు ఉంటే కొను, లేకుంటే లేదని చెప్పు."

సదయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

"గిది నమ్మచ్చునా?"

"నమ్ము బాపూ."

ఆయన కాళ్లు దగ్గరికి లాక్కుని, మంచం మీద కొంచెం జాగా చేశాడు. అనసూర్య అంచున కూర్చుంది. సారవ్వ అన్నం కంచాలు తెచ్చి పెట్టింది.

తింటూ తింటూ సదయ్య ఆగాడు.

"రేపు బాయిల అడుగుతరు, గిటార్ ఎప్పుడు తెస్తున్నవని. జలాల్ అయితే అందరికంటె ముందుగాల అడుగుతడు," అన్నాడు, తనలో తానే అన్నట్టు. "ఏం చెప్పాల్నో ఏమో."

అనసూర్య చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. ఆయన వాళ్ల ముందు తల వంచుకుని నిలబడటం కళ్లకు కట్టినట్టు కనిపించింది. చెయ్యి కడుక్కుంది. చెప్పులు వేసుకుంది.

"ఎటు పోతున్నవే?" అంది సారవ్వ.

"జలాల్ కాకకు నేనే చెప్పొస్త."

"ఆగు, మీ బాపును వెంట రానీ," అంది సారవ్వ. సదయ్య కంచం ముందు నుంచి సగం లేచాడు.

"వద్దు బాపూ. నువ్వు తిను."

పక్కిల్లే. అయినా గడప ముందు ఒకసారి ఆగి, తలుపు కొట్టింది. తలుపు తీసింది హాజిరా. అనసూర్యను చూసి ఏమీ అడగకుండా పక్కకు జరిగింది. లోపల జలాలుద్దీన్ చాప మీద కూర్చుని రేడియో వింటున్నాడు.

"రా బిడ్డా, కూసో. మీ బాపు ఇయ్యాల ప్లేడేకు పోలేదట గదా, మంచి పని చేసిండు," అన్నాడు రేడియో గొంతు తగ్గిస్తూ.

అనసూర్య కూర్చోలేదు.

"కాకా, గిటార్ గురించి మా బాపు మీకు చెప్పిందాంట్ల బాపు తప్పేం లేదు," అంది. "ఆయనకు నేనే అబద్ధం చెప్పిన."

జలాలుద్దీన్ రేడియో కట్టేశాడు. అనసూర్య నిలబడే, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.